డేగ ఆకలి

మా ఇంట్లో డేగ అన్న మాట ఎవరూ వాడగా నేను వినలేదు. కోళ్ళు పెంచే ఇల్లు కనుక ఆ జాతి పక్షి అంటే అందరికీ బెదురే. కానీ దాన్ని గద్ద అని తెలుగులో తిట్టేది మా అవ్వ ఒక్కతే. పిల్లలకు అది పరుందు, చిన్నదైతే వల్లూరు. నలభై దాటాక ఊరికే నిఘంటువులు తిరగేసే అలవాటు పట్టుకుంటే తెలిసింది, మన భాషలో వీటికి ఎన్ని పేర్లున్నాయో: డేగ, సాళువము, బైరి, జాలెడేగ, పిల్లిగద్ద. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దొర 1862 మొదలు ప్రచురించిన పక్షుల గ్రంథంలో కూడా తెలుగు పేర్లు రాసుకున్నాడు.

పని ఉన్నచోటే పేర్లుంటాయి. డేగను మచ్చిక చేసి, చేతిమీద మోసుకెళ్ళి, దానిచేత వేటాడించడం ఒకప్పుడు మనవాళ్ళకు తెలిసిన విద్య. పన్నెండో శతాబ్దంలో చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో ఈ వినోదం గురించి ప్రత్యేకంగా రాశాడు. 1485లో విజయనగరాన్ని చేజిక్కించుకున్న సాళువ నరసింహుని వంశం పేరే వేటడేగ పేరు. ఆ విజయనగరం నీడనే మన పెద్దలు చాలామంది ఈ కరిసల్ నేలకు చేరారు. విద్య దారిలో జారిపోయింది, దాని వెనకే మాటా పోయింది. శ్రీవిల్లిపుత్తూరు గుళ్ళో ఆండాళ్, రంగమన్నార్‌ల పక్కన గరుత్మంతుడు నిలబడి ఉంటాడు. అక్కడ దండం పెట్టి ఇంటికొచ్చి, ఆ జాతికే రాయి విసురుతాం!

ఇదంతా ఇప్పుడెందుకంటే, రెండేళ్ళ కిందట విరుదునగర్‌లో మా మేడమీది కిటికీ అద్దానికి ఒక వల్లూరు కొట్టుకుని పడింది. పుస్తకాల్లో షిక్రా అంటారు. రెక్క విరగలేదు గాని ఎగరలేకపోయింది. అటవీశాఖకు ఫోను చేశాం. వాళ్ళు వచ్చేదాకా, నాలుగు రోజులు, బుట్ట కింద ఉంచి కోడిమాంసం ముక్కలు పెట్టాను. మొదటి రెండు రోజులూ నన్ను చూస్తే నోరు తెరిచి బుసకొట్టింది. మూడోనాడు ముక్క అందుకుంది. నాలుగోనాడు, తువ్వాలు చుట్టుకున్న నా ముంజేతి మీదికి ఎగిరి కూర్చుంది. ఎర్రటి కళ్ళు, ఈకంత బరువు. యాభై ఏళ్ళు దాటినవాడిని, సంతోషంతో గొంతు పట్టేసింది. "చూశావా, నన్ను గుర్తుపట్టింది" అన్నాను మా ఆవిడతో. "మిమ్మల్ని కాదు, మీ చేతిలో ముక్కని" అందామె, చాటలో బియ్యం చెరుగుతూ.

ఆ మాట నన్ను వదల్లేదు. డేగవేట గురించి దొరికింది దొరికినట్టు చదివాను.

విద్య మొత్తం ఒక్క కొలత మీద నిలిచి ఉంది. డేగకు కడుపునిండా పెడితే చేతికి రాదు, చెట్టెక్కి కూర్చుంటుంది, అటునుంచి అటే పోతుంది. మరీ మాడిస్తే వేటాడే సత్తువ ఉండదు, చస్తుంది. ఈ రెంటి మధ్య సన్నటి గీత ఉంది. పాతకాలపు వేటగాడు దాని రొమ్ము ఎముకను వేళ్ళతో తడిమి ఆ గీత కనిపెట్టేవాడు. ఇప్పటివాడు రోజూ త్రాసులో తూస్తాడు. వల్లూరంత పక్షికి నాలుగైదు గ్రాముల తేడా కూడా తేడాయే. కొత్తగా పట్టిన పక్షి కనురెప్పలను దారంతో కుట్టి, మచ్చికైన కొద్దీ వదులు చేసే పద్ధతి కూడా ఉండేది. కాళ్ళకు తోలుపట్టీలు, గజ్జెలు, తలకు కుళ్ళాయి. అవన్నీ పైపై సరంజామా. అసలు కట్టు కడుపులో ఉంది.

డేగను సాకేవాళ్ళ వాదం ఒకటుంది, తేలిగ్గా తీసెయ్యకూడనిది. మేము రోజూ దాన్ని ఆకాశంలోకి వదులుతాం, పోదలుచుకుంటే పోవచ్చు, తిరిగొస్తోందంటే తన ఇష్టంతోనే కదా అంటారు. రాజపాళయం కుక్కకు గొలుసు అవసరం, మా డేగకు అదీ అక్కర్లేదు అన్నట్టు. పైగా వాళ్ళ ప్రేమ బూటకం కాదు. డీడీటీ మందువల్ల గుడ్ల పెంకులు పలచబడి, 1960ల నడిమికి అమెరికా తూర్పుభాగంలో బైరిడేగ లేకుండా పోతే, దాన్ని మళ్ళీ నిలబెట్టినవాళ్ళలో ముందున్నవాడు టామ్ కేడ్ అనే పండితుడు, స్వయంగా డేగలను ఆడించినవాడు. 1970లో సంస్థ పెట్టి, పంజరాల్లో పిల్లలు చేయించి, వేలకొద్దీ వదిలారు. 1999లో ఆ పక్షిని అక్కడి ప్రమాద పట్టికనుంచి తీసేశారు. యునెస్కో కూడా 2010లో డేగవేటను మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన దేశం ఆ జాబితాలో లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ డేగను పట్టడం, పెంచడం నేరం.

సరే, ప్రేమ నిజమే. కాని ఆకలిగొన్నదాని ఇష్టాన్ని ఇష్టమనవచ్చునా?

తల్లి దగ్గరికి బిడ్డ వచ్చేదీ పాలకోసమే గదా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. ఏ బంధమైనా మొదట ఆకలితోనే ముడిపడుతుందేమో. అయితే తల్లి బిడ్డ కడుపు నిండాలని చూస్తుంది, నిండితే మురుస్తుంది. డేగను ఆడించేవాడు నిండకముందే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. తేడా అక్కడుందని నాకు తోచింది. తోచాక, నా ఉద్యోగం గుర్తొచ్చింది.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఒక పల్లె శాఖలో పనిచేసేటప్పుడు ఒక రైతు ఉండేవాడు, మన తెలుగువాడే. పత్తి, మినుము వేసేవాడు. భార్య గొలుసు, నాలుగు సవరన్లు, ముప్ఫైరెండు గ్రాములు, కుదువ పెట్టాడు. ఏటా మార్చిలో విడిపించుకుందామని డబ్బుతో వచ్చేవాడు. ఏటా నేనే ఆపేవాణ్ణి. "వడ్డీ కట్టి మళ్ళీ పెట్టుకోండి, బంగారం ధర పెరిగింది, ఇంకో రెండువేలు ఎక్కువొస్తుంది, చేతిలో ఉంచుకోండి" అనేవాణ్ణి. అబద్ధం కాదు, నియమాలకు విరుద్ధమూ కాదు. కాని ఆయన అసలు తీర్చేస్తే ఏడాది చివర మా శాఖ అంకె తగ్గుతుంది. ఆ మాట మాత్రం చెప్పేవాణ్ణి కాదు. అప్పు పూర్తిగా తీరకూడదు, మనిషి మునిగిపోనూకూడదు. మేము మంచి ఖాతా అనేది దాన్నే. ఆయన తిరిగి రావడాన్ని నామీది నమ్మకమనుకుని, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు గర్వంగా చెప్పేవాణ్ణి కూడా.

2003 మార్చిలో, కరువు ఏడు, వడ్డీ మాత్రమే తెచ్చాడు. "ఇన్నేళ్ళుగా మమ్మల్ని వదల్లేదు మీరు" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు, కోపమూ పడలేదు. "వేరే దోవ ఉంటే వస్తానా సార్?" అని, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మనం పిల్లలకు చెప్పే శిబి కథలో డేగ క్రూరమైనది, పావురం దీనమైనది. పావురాన్ని కాచిన రాజు వారసులమని చోళులు సెంబియన్ బిరుదు పెట్టుకున్నారు. భారతం తెరిచి చూస్తే డేగ మాటలే ఎక్కువ బరువుగా ఉన్నాయి. నా తిండి లాక్కున్నావు, నేను చస్తే నా ఆలుబిడ్డలు చస్తారు, ఒక ధర్మాన్ని అడ్డుకునే మరో ధర్మం ధర్మమెట్లా అవుతుందని రాజును నిలదీస్తుంది. రాజు దగ్గర జవాబు లేదు. అందుకే త్రాసు తెప్పించాడు. అయితే ఎంత పెట్టాలన్న కొలత రాజు నిర్ణయించలేదు, ఆకలిగొన్నది నిర్ణయించింది. పావురమెత్తు మాంసం అంది. కోసిన కొద్దీ చాలలేదు, చివరికి తానే తక్కెడ ఎక్కాడు. నేను కూడా ముప్ఫై ఏళ్ళు త్రాసు పక్కనే కూర్చున్నాను. నా త్రాసుకు కొలత ఎప్పుడూ నా వైపునుంచే వచ్చింది.

అటవీశాఖవాళ్ళు అయిదోనాడు వచ్చి పక్షిని అట్టపెట్టెలో పెట్టుకుపోయారు. వారం తర్వాత వదిలేశామని ఫోను చేశారు. అంతే.

ఆ రైతు 2006లో గొలుసు విడిపించుకున్నాడు. ఆనాడు నేను ఆపలేదు. ఆ తర్వాత మా శాఖ గడప తొక్కలేదు. చాలా ఏళ్ళకు కోవిల్‌పట్టి బస్టాండులో ఎదురుపడ్డాడు. నన్ను చూడనట్టు పోతాడేమోననుకున్నాను. "ఏం తమ్ముడూ, తల నెరిసిపోయిందే" అంటూ దగ్గరికొచ్చాడు. బ్యాంకులో ఎన్నడూ ఆయన నన్ను తమ్ముడనలేదు. కాఫీ ఇప్పించాడు, పిల్లలకని వేరుశనగ మిఠాయి పొట్లం చేతిలో పెట్టాడు. డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.