పొరుగిండ్ల పాత్రలు

ధ్యానభాగములు: 2 రాజులు 4:1-7, లూకా 2:41-52



ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య విధవరాలై ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టుకొనిన సంగతి మీరెరుగుదురు. అప్పులవాడు వాకిట నిలిచియున్నాడు. ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు వచ్చినాడు. ఇంటిలో కొంచెము నూనె తప్ప మరేమియు లేదు. ఈ భాగముపై ప్రసంగించువారు సాధారణముగా ఆ నూనెను గూర్చియే చెప్పుదురు. మేము ఈ నెల పాత్రలను గూర్చి చెప్పదలచితిమి.

ప్రవక్త ఆమెకు మొట్టమొదట అప్పగించిన పని ఏమనగా, ఇరుగుపొరుగు ఇండ్లన్నిటికి పోయి ఖాళీ పాత్రలు ఎరవు తెచ్చుకొనవలెను. ఒకటి రెండు తెచ్చి ఊరకుండరాదని కూడ హెచ్చరించెను. ఆలోచించుడి. అప్పుల పాలై చనిపోయినవాని భార్యకు కుండ ఇచ్చువారెవరు? అది తిరిగి వచ్చునో రాదో! అయినను ఇచ్చిరి. మునుపు ఆమె కూడ వారికి ఉప్పో, నిప్పో, గిన్నెడు పిండో ఇచ్చియుండవలెను. ఈ మాట గ్రంథములో లేదు గాని పల్లెలో బ్రదికిన మనకు దానిని ఎవరును చెప్పనక్కరలేదు. ముఖమెరుగనివారికి ఎవరును కుండ ఇయ్యరు. చివరకు పాత్రలు అయిపోయినప్పుడే నూనెయు నిలిచిపోయెను. పొరుగువారు ఎన్ని పాత్రలిచ్చిరో అంతే నూనె దొరికెను. ఇద్దరు బిడ్డలు దాస్యము తప్పించుకొనుటలో ఆ వీధి అంతటికిని పాలున్నది.

ఇది ఎందుకు చెప్పుచున్నామనగా, మన సంఘముల నుండి అనేక కుటుంబములు హైదరాబాదునకు, విశేషముగా నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతములకు పోయి బ్రదుకుచున్నవి. కొందరు అపార్టుమెంట్లలో వాచ్‌మన్ పని, కొందరు ఇండ్లలో పాచిపని, కొందరు హోటళ్లలో వంటపని చేయుచున్నారు. అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుకొను మన పిల్లలును ఉన్నారు. వారి సంగతి మరొకమారు వ్రాసెదము. ఇప్పుడు మా మనస్సులో ఉన్నది చంటిబిడ్డల తల్లిదండ్రులు.

మన ఊరిలో పురుడు వచ్చినప్పుడు ఏమి జరుగును? కడుపుతో ఉన్న పిల్లను పుట్టింటివారు తీసికొనిపోవుదురు. కాళ్లు చాపుకొని కూర్చుండి పసిబిడ్డకు నీళ్లు పోయు ముసలమ్మ వీధికొకతె ఉండును. గోడ అవతల నుండియే బిడ్డ ఏడ్పు విని, ఇది ఆకలి, ఇది కడుపునొప్పి అని చెప్పు పెద్దమ్మలున్నారు. తల్లి నాట్లకు పోయినయెడల పిల్లవాడు ఎవరి వాకిట ఆడుకొనుచున్నను మధ్యాహ్నము ఆ ఇంటి గంజియే త్రాగును. దీనికి ఎవరును పేరు పెట్టలేదు, జీతమియ్యలేదు. పల్లెలో చాడీలు, కొట్లాటలు లేవని మేము చెప్పుట లేదు. గిన్నెడు మజ్జిగ పోసి పదిమందికి చాటువారు అక్కడనే ఉన్నారు. అయినను బిడ్డ ఒంటరిగా ఉండదు.

పట్నములో మన కుటుంబమునకు దొరకునది అపార్టుమెంటు క్రింద, కార్లు నిలుపు చోట, మెట్ల ప్రక్క ఒక్క గది. మేము చూడబోయిన ఒక ఇంటిలో భర్త రాత్రి కాపలా కాచి పగలు మరొక పనికి పోవును. భార్య నాలుగు ఇండ్లలో అంట్లు తోమును. మూడేండ్ల ఆడపిల్లను గదిలో ఉంచి బయట గడియ పెట్టి పోవుచుండెను. లోపల గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము ఉన్నవి. ఆమెను నిందించుటకు మాకు నోరు రాలేదు, ఏలయనగా బయట కార్లు వెనుకకు తిరుగుచున్నవి. అమ్మా, ప్రక్కవారెవరైన ఉన్నారా అని అడిగితిమి. అక్కడికి వచ్చి ఎనిమిది నెలలైనను గోడ అవతలి వాచ్‌మన్ భార్య పేరైన ఆమెకు తెలియదు. ఆమెను పిలిపించి మాటలాడించగా ఆమెకును అదే ఈడు కుమారుడున్నాడు, వానిని కూడ లోపలనే ఉంచి గడియ పెట్టుచున్నది! ఇప్పుడు ఒకతె ఉదయము పనికి పోవును, మరియొకతె మధ్యాహ్నము పోవును. పిల్లలిద్దరు ఒక్క చాపమీద నిద్రపోవుచున్నారు. ఇద్దరి భర్తలు ప్రతిదినము ఒకే బండి దగ్గర టీ త్రాగుచు, ఒకనికి బిడ్డ ఉన్నదని మరియొకనికి చెప్పుకొననేలేదట. పురుషులారా, ఈ మాట మీకు.

ఎందుకు పలుకరించుకొనరు? సిగ్గు కొంత. ఏ ఊరు, ఏ కులమని అడుగుదురేమోనను భయము కొంత. రెండేండ్లలో తిరిగి ఊరికే పోవుదుము గదా అను తలంపు అన్నిటికంటె ఎక్కువ. రెండేండ్లు పదేండ్లగును. బిడ్డ బాల్యము మాత్రము మనము ఊరికి తిరిగి వచ్చువరకు ఆగదు.

లూకా రెండవ అధ్యాయములో యోసేపు మరియలు పస్కా పండుగనుండి తిరిగి వచ్చుచు, పన్నెండేండ్ల బాలుడు తోటి ప్రయాణికులలో ఉన్నాడనుకొని ఒక దినపు దారి నడిచిపోయిరి. కొందరు బోధకులు దీనిని చూపి ఆ తల్లిదండ్రులను మందలింతురు. మేము ఆ పని చేయము. గలిలయ వారు గుంపుగా యెరూషలేమునకు పోయి గుంపుగా వచ్చెడివారు. పగలంతయు బిడ్డ కనబడకపోయినను మేనమామ ప్రక్కనో పినతల్లి ప్రక్కనో నడుచుచుండునని నమ్ముట వారి అజాగ్రత్త గాదు, అది వారి ఊరి మంచితనము. వెదకవలసి వచ్చినప్పుడు కూడ మొదట బంధువులలోను నెళవైనవారిలోను వెదకిరి. వెదకుటకు వారికి అట్టివారుండిరి. నారాయణగూడ చౌరస్తాలో మన బిడ్డ చెయ్యి విడిచి తప్పిపోయిన దినమున మనమెవరిని అడుగుదుము?

ఆ పేటకు ఇది క్రొత్త సంగతి కాదు. నిజాము పాలనలో పాఠశాలలలో ఉర్దూయే ప్రధానమైన బోధనాభాషగా ఉన్న కాలమున, తెలుగువారు తమ ఆడపిల్లలను తమ భాషలో చదివించుకొను దారి లేక కలవరపడిరి. అట్టి ఇండ్లవారి కొరత తీర్చుటకు 1928లో తెలుగు బాలికల పాఠశాల ఏర్పడెను. దానికి పాటుపడిన మాడపాటి హనుమంతరావు గారు అక్కడ పుట్టినవారు కారు, కృష్ణా జిల్లా నుండి వచ్చినవారు. 1951లో వారే హైదరాబాదు నగరమునకు మొదటి మేయరైరి. నేటికిని నారాయణగూడలో ఆ పాఠశాల వారి పేరనే యున్నది. ఒక ఇంటి ఆడపిల్ల బాధ ఆ ఇంటిలోనే ఉండిపోయినయెడల బడి లేచియుండునా?

అక్కడనే వై.ఎం.సి.ఎ. ఉన్నది. దాని మొదలు కూడ ఇటువంటిదే. పల్లెనుండి లండను నగరమునకు వచ్చి బట్టల అంగడిలో పనిచేయుచున్న జార్జి విలియమ్స్ 1844లో తనవంటి పనివారిని కొందరిని కూర్చుకొని దానిని ఆరంభించెను. ఇంగ్లండులో మేరీ సమ్నర్ అను పాదిరిగారి భార్య 1876లో తల్లుల సంఘమును పెట్టెను. మొదటి కూటమున ఆమెకు భయముచేత మాట పెగలలేదు. వచ్చినవారిని తిరిగి మరుసటి వారము రమ్మని పంపివేసెను. ఆ సంఘము నేడు అనేక దేశములలో ఉన్నది. కనుక నోరు రానివారు నిరాశపడవద్దు.

మరి ఎట్లు మొదలు పెట్టవలెను? చిన్నదేదైన అడుగుడి. అల్లమో, అగ్గిపెట్టెయో, కుళాయి నీళ్లు ఎన్ని గంటలకు వచ్చునను మాటయో. అడుగుట వలన మనము చులకనగుదుమని తలంచెదరు గాని, అడిగించుకొన్నవారికి తరువాత మనలను అడుగుటకు దారి ఏర్పడును. ఎలీషా పొరుగువారందరి యొద్దకు పొమ్మనెను, విశ్వాసుల ఇండ్లకే పొమ్మని చెప్పలేదు. బొట్టు పెట్టుకొన్న అమ్మ యైనను, బురఖా వేసికొన్న అమ్మ యైనను, అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు తలుపు తెరచినవారే పొరుగువారు. సామెతలు 27:10లో సొలొమోను చెప్పిన పొరుగువాని మాట మీరు ఇంటివద్ద చదువుకొనుడి.

అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను మొదటి వారములోనే కలిసికొనుడి. గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు ఆహారము, టీకాల సంగతి వారు చూతురు. 2018 నుండి నగరపు బస్తీలలో బస్తీ దవాఖానాలు పెట్టిరి. అక్కడ వైద్యము ఉచితము. నారాయణగూడ ఐ.పి.ఎం.లో రక్తనిధి ఉన్నది. ఆపదలో 108, పిల్లల విషయమై 1098 అను నంబర్లు గోడమీద బొగ్గుతోనైనను వ్రాసికొనుడి.

ఒక జాగ్రత్త కూడ చెప్పవలెను. పాత్రలు తెచ్చుకొన్న తరువాత తలుపు మూసికొనుమని ప్రవక్త ఆ విధవరాలికి చెప్పెను. పొరుగు కావలెను గాని ఇంటిలోని ప్రతి మాటయు పొరుగునకు పోనక్కరలేదు. భార్యాభర్తల తగవు, జీతపు లెక్క, అప్పు సంగతి లోపలనే ఉండనీయుడి. నవ్వి పలుకరించిన ప్రతివానికి బిడ్డను అప్పగింపవద్దు. కొన్నాళ్లు చూడుడి, పిల్లలున్న ఇంటినే ఎంచుకొనుడి, ఒక్కరిమీదనే ఆనుకొనవద్దు. ఎవరి యింటికైన పోవుటకు బిడ్డ భయపడి ఏడ్చినయెడల ఆ ఏడ్పును లెక్కచేయుడి.

ఇక ఊరిలో ఉన్న మనకు పని లేదా? పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు ఫీబేను వారికప్పగించి, ఆమెకు అవసరమైన ప్రతి పనిలో సహాయపడుమని కోరెను. అదే అధ్యాయములో రూఫు తల్లి తనకును తల్లియేనని చెప్పెను. కన్నవారు దూరమైనప్పుడు సంఘములో తల్లి దొరకును. కాని ఉత్తరము వ్రాయువాడొకడు ఉండవలెను. బస్సు ఎక్కువరకు సంగతి చెప్పక, ఆరు నెలల తరువాత ఆపద వచ్చినప్పుడు ఫోను చేయుట మన సంఘములలో వాడుకయైనది.

ఇకమీదట పట్నము పోవు ప్రతి కుటుంబము రెండు వారముల ముందే పెద్దలకు తెలుపవలెను. ఏ వీధి, ఏ అపార్టుమెంటు, ఎందరు పిల్లలు, ఎవరైన కడుపుతో ఉన్నారా అను సంగతులు వ్రాసి మేము అక్కడి కాపరికి సిఫారసు పత్రికయు, ఇదివరకే అక్కడనున్న మనవారి ఫోను నంబర్లును ఇచ్చెదము. పట్నములోనే పురుడు పోసికొను కోడండ్లకు ఒక్కొక్క నెల తోడుండుటకు స్త్రీల మైత్రికూటములో ముగ్గురు పెద్దమ్మలు ఒప్పుకొనిరి. వారి బస్సు ఖర్చులకు పంట కానుకలో కొంత తీసిపెట్టుటకు పెద్దలు సమ్మతించిరి. బడులు తెరచు జూను నెలకు ముందు పోదలచినవారు వచ్చే ఆదివారము ఆరాధన తరువాత ఆగి పేర్లు ఇయ్యవలెను.