చలివేంద్రం దగ్గర పులి

దాహంతో వచ్చినవారికి నీళ్లు పోయడం పుణ్యమన్నారు మన పెద్దలు. వచ్చినవాడెవరో అడిగి పోయమనలేదు. చలివేంద్రం గొప్పతనమంతా అక్కడే ఉంది. (కులం అడిగి దోసిట్లో పోసిన రోజులూ లేకపోలేదనుకోండి. అది వేరే కథ.) మనుషుల మధ్య ఈ ధర్మానికి నేను వంక పెట్టను. కానీ ఇదే చలివేంద్రాన్ని అడవిలో పెడితే?

ఇది ఊహకు తట్టిన ప్రశ్న కాదు. నల్లమలలో అటవీశాఖవారు పెద్ద పళ్లెంలాంటి సిమెంటు గుంటలు కట్టి, వేసవిలో ట్యాంకర్లతో నింపుతారు. సాసర్ పిట్లంటారు వాటిని. అడవి దారుల్లో, నీళ్ల దగ్గర చెట్లకు కెమెరాలు కడతారు. వేడి శరీరం ఎదుట కదిలితే చాలు, కెమెరా తనంతట తానే ఫొటో తీస్తుంది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు గనుక ఏ పులి వచ్చిందో, ఎన్నిసార్లు వచ్చిందో తెలిసిపోతుంది. దుప్పి వస్తుంది, కణితి వస్తుంది, ఎలుగు వస్తుంది. పులీ వస్తుంది. అది తాగి ఊరుకోదు. ఎండ ముదిరితే వెనక్కి వెనక్కి నడిచి, నీళ్లలో నడుము దాకా దిగి కూర్చుంటుంది. దుప్పికా, వేసవిలో దాదాపు రోజూ నీళ్లు కావాలి. వాగులెండి, ఆ చుట్టుపక్కల ఒక్క గుంటే మిగిలితే దుప్పి ఎక్కడికి వస్తుందో పులికి ఒకరు చెప్పనక్కరలేదు.

మరి ఆ నీళ్లు పోసిన చేయి దుప్పికి దానం చేసిందా, పులికి విస్తరి వేసిందా?

మన గిండీ పార్కులో ఈ చిక్కు లేదు. ఆ 2.7 చదరపు కిలోమీటర్లలో పులీ లేదు, చిరుతా లేదు. కుక్కల బెడద వేరే సంగతి.

వేట ప్రకృతి ధర్మం, మధ్యలో నీకెందుకని ఒక మిత్రుడు నన్ను కోప్పడ్డాడు. సగమే నిజం. వాగు ఎక్కడ పారాలో ప్రకృతి నిర్ణయించింది. గుంట ఎక్కడుండాలో ట్యాంకరు పోయే దారి చూసుకుని మనం నిర్ణయించాం.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు కథ ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ 1930ల నుంచి వందల బోర్లు వేసి మృగాలకు నీళ్లిచ్చారు. ఉత్తరాన నీటి ఎద్దడి ఉన్న ప్రాంతంలో రోన్ అనే అరుదైన జింక ఉండేది. నీళ్లు నిలవగానే జీబ్రాలు అటు చేరాయి. వాటి వెంట సింహాలు నడిచాయి. 1986లో 450 దాకా ఉన్న రోన్ జింకలు 1993 నాటికి 45కు పడిపోయాయి. కరవు, తరిగిన గడ్డి కూడా కారణాలే. కానీ సింహానికి దారి చూపింది మాత్రం ఆ నీళ్లే. తర్వాత చాలా బోర్లు మూసేశారు.

అన్ని చోట్లా ఇలాగే జరుగుతుందనడం అన్యాయం. అమెరికాలో అరిజోనా ఎడారిలో తొట్ల దగ్గర వీడియో పెట్టి చూసినవారికి వేట బహు అరుదుగా కనిపించింది. తొట్టి కడితే చావు ఖాయమన్న భయం అక్కడ నిలవలేదు. కాబట్టి కళ్లతో చూడకుండా అవుననీ కాదనీ చెప్పకూడదు.

అయితే అపకారం కనిపించిన చోట వెంటనే ఆపేయవచ్చా? మన పట్నాన్నే చూడండి. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందంతో 1996లో కృష్ణ నీళ్లు పూండికి చేరాయి. శ్రీశైలం జలాశయం నుంచి, అంటే ఆ నల్లమల నడుమ నుంచే. ఆ నీళ్లూ మరొకరు పంపినవే. 2019లో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చుకున్న ఊరు మనది. వచ్చే నీటిని నమ్ముకుని ఇక్కడ లక్షల సంసారాలు వెలిశాయి. ఇప్పుడెవరైనా వచ్చి, ఇది మీకు సహజంగా దక్కిన నీరు కాదు, కట్టేస్తామంటే ఒప్పుకుంటామా? గుంటకు అలవాటు పడ్డ దుప్పి సంగతీ అంతే. అసలు పోయకపోవడం వేరు, పోసి ఆపడం వేరు.

ఇచ్చింది మరచిపొమ్మంటారు మనవాళ్లు. మనిషికిచ్చినప్పుడు అది మంచిదే. అడవిలో ఇచ్చినవాడికి ఆ మరపు సుఖం లేదని నా అభిప్రాయం. ఒకే చోట నీళ్లుంటే అందులో విషం కలపడం వేటగాడికీ సులువు. కనుక గుంట కట్టినవాడు రోజూ దాన్ని చూసుకోవాలి. ఒకటే కట్టక దూరదూరంగా నాలుగు కట్టాలి. కెమెరా ఫొటోల్లో పులి ఎంత అందంగా ఉందో చూడటంతో సరిపెట్టక, నెల క్రితం దాకా వచ్చి ఇప్పుడు రానిదెవరో లెక్క చూడాలి.