పది నిమిషాలు ముందు

మా కారు డ్యాష్‌బోర్డులో గడియారం ఆగిపోయి మూడేళ్లు దాటింది. 2002లో కొన్న కారది. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడుపుతున్నాం. ఎ.సి. పాడైతే మా ఆయన ఆ వారమే బాగుచేయించారు. గడియారం మాటెత్తితే మాత్రం "చేతిలో సెల్‌ఫోన్ ఉందిగా" అనేవారు. నేనూ పట్టుబట్టలేదు. నిజం చెప్పాలంటే అది ఆగిపోవడం నాకు లోలోపల హాయిగానే ఉండేది.

ఎందుకంటే అది ఎన్నడూ సరైన టైం చూపించలేదు. కారు కొన్న వారంలోనే ఆయన దాన్ని పది నిమిషాలు ముందుకు పెట్టారు. "మీ ఆడవాళ్లు ఎప్పుడు టైంకి తెమిలారు గనక" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, రోజూ పొద్దున, పిల్లల డబ్బాలు సర్ది, అత్తగారి మాత్రలు తీసిపెట్టి, పొయ్యిగట్టు తుడిచి, పరుగున వచ్చి కార్లో కూచునేసరికి ఆ అంకెలు 9.05 అనేవి. పది తీసేస్తే 8.55. లెక్క నాకు తెలుసు. అయినా గుండె దడదడలాడేది. అబద్ధమని తెలిసినా అది ఒంటి మీద పనిచేస్తూనే ఉంటుంది. స్నానం చేసి, వడ్డించింది తిని వచ్చి కూచునే ఆయనకి మాత్రం ఆ గడియారంతో ఎప్పుడూ పేచీ రాలేదు.

ఈ ఎండాకాలంలో, కాలేజీ సెలవుల్లో, దాన్ని నేనే మార్చాలనుకున్నాను. రాణిగంజ్‌లో స్పేర్‌పార్టుల దుకాణాలన్నీ తిరిగాను. "సార్‌ని పంపించండి మేడం, ఆయనకి చెప్తాం" అన్నాడొకాయన. చివరికి ఓ చిన్న కొట్లో, తుక్కుకి పోయిన కారులోంచి విప్పిన గడియారం దొరికింది. ఇంటికొచ్చి ముందు బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాను. ప్యానెల్ క్లిప్పులు ఎండకి పెళుసెక్కి ఉన్నాయి, ఒకటి విరిగింది. వెనక నాలుగు వైర్లు. ఒకటి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. కారు ఆపి తాళంచెవి తీసేసినా దానికి కరెంటు అందుతూనే ఉంటుంది. బండి మొత్తం నిద్రపోతున్నా గడియారం మేలుకుని లెక్కపెడుతూనే ఉంటుందన్నమాట. పాతదాన్ని విప్పి చూస్తే సోల్డరింగ్ ఒకచోట బీట వారి ఉంది. ఏళ్ల తరబడి ఎండావేడీ, కుదుపులూ. అంతే.

వైరు మళ్లీ తగిలించగానే 1.00 అని వెలిగింది. గంటలకో బటను, నిమిషాలకో బటను. నొక్కుకుంటూ పోయి సరైన టైం దగ్గరికి వచ్చాను. వేలు ఆగలేదు. ఇంకో పది నిమిషాలు ముందుకి తీసుకుపోయింది.

అప్పుడు చేయి వెనక్కి తీసుకున్నాను. ఎవరు చెప్పారని ముందుకు పెట్టాను? గడియారం ముందుకు పెట్టుకోవడం తప్పా? తనని తాను తొందరపెట్టుకోడానికి ఎవరైనా పెట్టుకుంటే అది వాళ్లిష్టం. కానీ ఒకరు పెడితే ఇంకొకరు పరుగెత్తాల్సి వస్తే? బ్రిటన్‌లో తొలి ఫ్యాక్టరీల గురించి ఇ.పి. థామ్సన్ 1967 నాటి వ్యాసంలో రాశాడు. యజమానులు పొద్దున గడియారం ముందుకీ, సాయంత్రం వెనక్కీ తిప్పేవారట. క్లాసులో ఆ వ్యాసం చెప్పినప్పుడల్లా నాకు మా కారే గుర్తొచ్చేది. నేను కార్మికురాలిని, ఆయన యజమాని. ఆ పోలిక నాకెంతో నచ్చేది.

ఆ మధ్యాహ్నం మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. గోడ గడియారం చూశాను. పది నిమిషాలు ముందుంది.

అది నేను పెట్టిందే. నాకోసమే పెట్టుకున్నాను. కానీ ఆరేళ్లుగా పొద్దున ఏడింటికి మా ఇంటికి పనికొచ్చే ఆమెతో, ఆ గడియారం వంక చూస్తూ, "ఏడూ పదయిందమ్మా" అన్నది నేనే. నిజానికి అప్పుడు ఏడే అయిందని నాకు తెలుసు. ఆమె "రేపటికెల్లి జల్ది వస్తనమ్మా" అనేది. వచ్చేది కూడా. పది నిమిషాల నిద్ర. ఏడాదికి మూడొందల రోజులనుకున్నా యాభై గంటలు.

2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకు అందులో రోజుకు 289 నిమిషాలు గడుస్తాయి, మగవాళ్లకు 88. ఈ అంకెల్ని సభల్లో నేనూ చెప్పాను. ఆమె మా ఇంట్లో చేసేది జీతానికి కాబట్టి ఈ 289లోకి రాదు. మా ఇంటికి రాకముందూ, వెళ్లాకా తన ఇంట్లో చేసేదే వస్తుంది. నేను తీసుకున్న పది నిమిషాలు ఏ లెక్కలోకీ రావు.

రెండు గడియారాలూ సరిచేశాను. మా ఆయన కారెక్కి "ఇది పది నిమిషాలు వెనకుందే" అన్నారు. సరిగానే ఉందని చెప్పాను. అది చెప్పడం తేలికే. వంటింట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

"తెలుసమ్మా," అందామె, గిన్నెల మీంచి తల ఎత్తకుండానే. "బస్సు దిగుతప్పుడు కండక్టరును అడుగుత గద టైము."

"మరి ఎన్నడూ అనలేదేం?"

"అంటే మీరు నొచ్చుకుంటరు. మీ ఇంట్ల మీ గడియారమే గద నడిచేది."

నాకు మాట రాలేదు. కాసేపటికి, ఇకమీదట ఏడున్నరకి రమ్మన్నాను, జీతం అదేనన్నాను. ఆరేళ్ల అప్పు అలా తీరిపోతుందనుకున్నాను కాబోలు.

"వద్దమ్మా," అంది. "మీ తర్వాత ఇంకో మూడిండ్లున్నయి."

ఆ మూడిళ్లలో గడియారాలు ఎంత ముందున్నాయో నేను అడగలేదు.