ఆలస్యముగ తెలిసినదియు తెలిసినదే



ములుగు సీమయందలి పాలంపేట గుడికి బాల్యమునుండి పోవుచుండిన యొక వృద్ధుడు అచటి స్వామి పేరు రామప్ప యనియే నమ్మెను. ముడుపులన్నియు ఆ పేరుననే కట్టెను. ఒక శివరాత్రినాడు బడికి పోవు మనుమడు, "తాతా! ఇచటి దేవుడు రుద్రేశ్వరుడు, రామప్ప గుడి చెక్కిన శిల్పియట" అనెను. చుట్టునున్నవారు నవ్విరి. డెబ్బదియేండ్ల తల సిగ్గుచే వ్రాలెను.

బాలుడు చెప్పినది నిజమే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ యాలయమును నిర్మింపజేసెనని శాసనము చాటుచున్నది. 2021లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించినపుడును రుద్రేశ్వరాలయమని పేర్కొనెను. రామప్ప ప్రధానశిల్పి యనుట జనశ్రుతి.

మరి ఆ ముడుపులు వ్యర్థములా? కావు. పేరు తప్పినను పిలుపు లింగయ్యకు చేరకపోదు. అంతియే కాదు, సేనాని పేరు శిలపై నిలువగా, ఉలిపట్టిన చేతి పేరు జనుల నాలుకపై నిలిచినది. కాయకమునకు ఇంతకంటె గౌరవమేది?

అయినచో దోషమెచట నుండును? "నీకేమి తెలియునురా" యని పసివాని నోరు మూయించినచో అచట నుండును. దానమిచ్చితినను గర్వము పొడసూపగా చాకలి కాయకపు మడివాళ మాచయ్య మందలించెననియు, బిజ్జలుని భండారియైన బసవేశ్వరుడు తలవంచి దిద్దుకొనెననియు శరణకథలు చెప్పుచున్నవి. చెప్పినవాని వయస్సును, కులమును చూడక మాటను చూచుటయే భక్తి.

వృద్ధుడు మనుమని చేయి పట్టుకొని, "మరల చెప్పుము నాయనా, సరిగా పలికెదను" అనెను. నవ్వినవారిలో కొందరును ఆ పేరు ఆనాడే నేర్చుకొనిరి.