ఎవరి చెవి కోసం ఈ నాలుక?

మన సంగారెడ్డి, పటాన్‌చెరు పిల్లలకి ఇంగ్లీషు వస్తే చాలదట. ఏ ఇంగ్లీషు అన్నది కూడా తేల్చుకోవాలట. కాల్ సెంటరయితే అమెరికా యాస, లండన్‌లో నర్సు ఉద్యోగమయితే బ్రిటిష్ యాస, ఎటూ తేలకపోతే ‘న్యూట్రల్’. పైకి ఇది జీతం ప్రశ్న. లోపల మాత్రం నీతి ప్రశ్న ఉంది. బతుకు కోసం మనిషి తన గొంతుని ఎంతవరకు మార్చుకోవచ్చు?

ఇక్కడి ముస్లిం పిల్లవాడికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇంట్లో దక్కనీలో ‘కరీబ్’ని ‘ఖరీబ్’ అంటాడని లక్నో ఉర్దూ నవ్వుతుంది. బయట తెలుగు మాట్లాడితే ‘నీకి, నాకి’ అంటాడని తెలుగు సినిమా దశాబ్దాలుగా నవ్వింది. అది తెలంగాణ తెలుగు కావడం ఇంకో నేరం. ఇక ‘ఇస్కూల్’ అన్నాడా, ఇంగ్లీషులోనూ దొరికిపోయాడు. ఉర్దూలో లహ్‌జా అన్నా తెలుగులో యాస అన్నా మాకు అది ముందుగా వెక్కిరింతగానే పరిచయం.

ఏ భాష గొప్పదో ఎవరు చెప్తారు? 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది. డాక్టరీ, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. అప్పుడు కచేరీ గుమ్మం దగ్గర ఉర్దూ రాని తెలుగు రైతు బిడ్డ బిక్కమొహంతో నిలబడ్డాడు. ఆ మాట మేం దాచకూడదు. 1948 పోలీసు చర్య తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. అదే గుమ్మం దగ్గర ఉర్దూ ఒక్కటే తెలిసిన గుమాస్తా నిలబడ్డాడు. ఉర్దూ అందం ఒక్క రోజులో తగ్గిందా? తగ్గింది దాని వెనకున్న అధికారం.

బ్రిటిష్ యాస అంటే ఏది? మనం లండన్ ఇంగ్లీషనుకునే ఆ పెద్దమనుషుల ఉచ్చారణ బ్రిటన్‌లో మూడు శాతం మందిదేనని పీటర్ ట్రడ్‌గిల్ అనే భాషావేత్త 1970లలో అంచనా వేశాడు. 1941లో యార్క్‌షైర్ యాసవాడు విల్‌ఫ్రెడ్ పికిల్స్ బీబీసీలో వార్తలు చదివితే సొంత దేశస్తులే కొందరు చిరాకుపడ్డారు. వాళ్ల యాసలకే వాళ్ల దేశంలో పీట లేనప్పుడు మనకెవరు వేస్తారు? ఐఇఎల్‌టిఎస్ పరీక్షలో ఉచ్చారణకి మార్కులున్నాయి గాని, అందులో చూసేది స్పష్టత. ఫలానా దేశం యాసే ఉండాలని నియమం లేదు. ఇంకో ఉదాహరణ పటాన్‌చెరులోనే ఉంది. 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు ఎవరి ఇంగ్లీషు వాళ్లు మాట్లాడుకుంటూనే జొన్న మీద, కంది మీద పరిశోధన చేశారు. జొన్న ఎవరి యాసా అడగలేదు.

అయితే యాసని ముట్టుకోవద్దని నేననను. నర్సు ‘ఫిఫ్టీన్’ అంటే ‘ఫిఫ్టీ’ అని వినిపిస్తే రోగి ప్రాణం మీదికొస్తుంది. అర్థమయ్యేట్టు మాట్లాడటం వినేవాడికి మనం ఉన్న బాకీ. ఆ బాకీ తీర్చడానికి నాలుకని సాపు చేసుకుంటే తప్పేముంది? అది చదువు.

మనం ఎవరమో తెలియకుండా మాట్లాడటం వేరే సంగతి. కాల్ సెంటర్లు మొదలైన రోజుల్లో యాసతో పాటు పేర్లూ ఇచ్చేవాళ్లు. రవి రాత్రి ‘రాబర్ట్’ అయి పొద్దున మళ్లీ రవి అవుతాడు. వాడికది షిఫ్టు. సలీం ‘సామ్’ అయితే? కిరాయి ఇల్లు దొరక్క పగలు కూడా పేరు నమిలి చెప్పేవాడికి ఆ షిఫ్టు ఎప్పుడు దిగుతుంది? ఒకే పని ఇద్దరూ చేసినా ఇద్దరూ పోగొట్టుకునేది ఒకటి కాదు. సెక్యులర్ మిత్రులు గమనించమని అడుగుతున్నది ఈ తేడానే.

‘నీతులు కడుపు నింపుతాయా’ అంటారు. నింపవు. కంపెనీలో కాంట్రాక్టు కూలీగా అరిగిపోయిన తండ్రికి కొడుకు ‘సామ్’ అయినా సరే, జీతం తెస్తే చాలు. ఆ కొడుకుని తప్పుపట్టే హక్కు పత్రికల్లో సొంత పేరుతో రాసుకునే నాలాంటి వాళ్లకి లేదు. తప్పుపట్టాల్సింది పేరు మార్చుకోమన్నవాణ్ణి.

ఇప్పుడు యంత్రం కూడా వచ్చింది. ఫోనులో భారతీయుల ఇంగ్లీషు యాసని అప్పటికప్పుడు సాపు చేసే సానాస్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని టెలిపెర్ఫార్మెన్స్ 2025లో తన ఉద్యోగుల కోసం తెచ్చుకుంది. ఏళ్ల తరబడి నేర్చుకున్న అమెరికా యాస ఒక మీటతో వచ్చేస్తే దాని బజారు విలువ ఎంతకాలం నిలుస్తుంది? అరువు యాస మీద బతుకు కట్టుకునేవాళ్లు ఇది ఆలోచించాలి.

భాషల్లో, రంగుల్లో తేడాలు అల్లా నిదర్శనాలని ఖురాన్ రూమ్ సూరా చెప్తుంది. నమ్మనివాళ్లకైనా అందులో ఒక న్యాయం కనిపిస్తుంది. అందుకే మన పిల్లలకి ఈ మాట చెప్పాలి: ఇంగ్లీషు బాగా నేర్చుకోండి, తేటగా పలకండి, జీతం గట్టిగా అడగండి. మీ పేరు అడిగినప్పుడు మాత్రం అమ్మీ పిలిచినట్టే చెప్పండి. ఆ పేరు పలకడం అవతలివాడు నేర్చుకోవాలి.