బాతుని ఎగరేసినవాడు

మొన్నొక రాత్రి నిద్ర పట్టక, ఫోన్‌లో సూపర్ మారియో మొదటి లెవెల్ పాట పెట్టుకున్నాను. నచ్చలేదు. పాట అదే, స్వరాలు అవే, కానీ వెనకాల కుక్క తరుముతున్నట్టు పరుగెడుతోంది. ప్లేబ్యాక్ స్పీడ్ పెరిగిందేమోనని చూశాను. లేదు, మామూలుగానే ఉంది. అంటే తేడా నాలో ఉందన్నమాట, అనుకున్నాను.

తేడా నాలో కాదు, మా టీవీలో ఉంది. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్, అక్కడి టీవీల లెక్క ప్రకారం సెకనుకి 60 సార్లు బొమ్మ గీస్తుంది. మన టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకి 50. ఆ ఆటల్లో పాటకి వేరే గడియారమంటూ లేదు. తెర మీద బొమ్మ ఒకసారి గీస్తే పాట ఒక అడుగు వేస్తుంది. తొంభైల్లో మన ఇళ్లలోకొచ్చిన నకలు సెట్లలో చాలావాటికి, లోపల ఆట జపాన్ లెక్కది, బయట తెర మన లెక్కది. శ్రుతి దాదాపు మారదు, నడక మాత్రం ఆరో వంతు తగ్గిపోతుంది. కోజి కొండో 90 సెకన్లకని కట్టింది మా చోడవరంలో 108 సెకన్లు మోగేదన్నమాట.

ఇన్నేళ్లుగా నేను బెంగపెట్టుకున్న పాట, తప్పు పాట.

మొదట కాస్త ఉసూరుమనిపించింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ పెట్టెలో అసలుదంటూ ఏముంది గనక? సెట్టే నకలు. క్యాసెట్ మీద 9999999 ఆటలని రాసుండేది, లెక్కపెడితే అవే ఆటలు పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. మెనూలో సముద్రం మీద పక్షులు ఎగురుతుంటే వినిపించే ఆ దిగులు పాట కూడా వాళ్లది కాదు. 1955 నాటి హాలీవుడ్ సినిమా ‘అన్‌చెయిన్డ్’లోది, అలెక్స్ నార్త్ బాణీ. ఎవరో ఎత్తుకొచ్చి బీప్‌బీప్‌లుగా మార్చేశారు. సముద్రం చూడాలంటే వైజాగ్ బస్సెక్కాల్సిన ఊళ్లో, ఆ పాటే నాకు సముద్రం. దాన్ని దిద్దుకోవాల్సిన అవసరం నాకేమీ కనిపించలేదు. నెమ్మదిగా మోగడం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. అది మా పాట, అంతే.

అక్కడితో ఆగిపోతే బావుండేది. కానీ పాట వెంబడి కుక్క వచ్చింది.

డక్ హంట్ 1984 నాటిది. ఆడినవాళ్లెవరూ ఆ కుక్కని మర్చిపోరు. బాతు తప్పించుకుంటే గడ్డిలోంచి లేచి కిచకిచా నవ్వుతుంది. నా వయసు వాళ్లని కదిపితే చాలు, ఆ నవ్వు గురించి ముచ్చటగా చెప్తారు. నాకు మాత్రం ఆ నవ్వు వింటే ఇంకో నవ్వు వినిపిస్తుంది. అది నాది.

1998 వేసవి సెలవులు. నాకు పదకొండేళ్లు, మా పిన్ని కొడుక్కి ఆరు. పేరెందుకు, చిన్నోడు అందాం. వీధిలో పిల్లలంతా మా ముందుగదిలోనే. రెండో కంట్రోలర్ తీసేసి ఆ సాకెట్లో తుపాకీ గుచ్చితే, మొదటి కంట్రోలర్ ఖాళీగా ఉండిపోతుంది. చిన్నోడు తుపాకీ కోసం ఏడుస్తున్నాడని ఆ ఖాళీది వాడి చేతిలో పెట్టాను. “నువ్వు బాతువిరా. నువ్వే ఎగరేస్తన్నావు” అన్నాను. పచ్చి అబద్ధం. అంటే, అబద్ధమని నేననుకున్నాను.

నాకు వరసగా గురి తప్పింది. కుక్క నవ్వింది. చిన్నోడు ఎగిరి గంతేశాడు. “అన్నియ్యా, నేనే తప్పించీసేను!”

అంతమంది ముందు ఓడిపోవడం కన్నా, వీడి వల్ల ఓడిపోయానని వీడే చెప్పడం మండించింది. “అదసలు పని చెయ్యదురా, నీ ఏడుపు ఆపడానికి ఇచ్చేను” అన్నాను. వాడు ఒప్పుకోలేదు. వైరు ఊడబీకి చూపించాను. బాతు ఎప్పట్లాగే ఎగురుతోంది. “చూసేవా?” అన్నాను. గదంతా నవ్వింది. వాడు కాసేపు ఊడిన వైరు కొస వైపు చూసి, లేచి వెళ్లి పిన్ని చీర వెనకాల నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ సెలవుల్లో ఎప్పుడు కంట్రోలర్ ఇచ్చినా తీసుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేవాడు.

మారియో పాట సంగతి వెతుకుతున్న ఆ రాత్రే తెలిసింది. డక్ హంట్‌లో ఒక్క బాతుండే ఆటలో, మిగిలిన ఆ కంట్రోలర్‌తో రెండో మనిషి బాతుని నిజంగానే నడపొచ్చు. నింటెండో మాన్యువల్‌లోనే ఉంది. మా డబ్బాలో మాన్యువల్ లేదు.

కంట్రోలర్ తీసేసినా బాతు తనంతట తాను ఎగురుతుంది. కాబట్టి నేను చూపించిన రుజువు రుజువే కాదు. వాడు చెప్పిందే నిజం. నవ్వించుకున్నది వాడు.

ధర్మరాజు కథలో మాట నిజం, ఉద్దేశం అబద్ధం. అందుకే, అంతవరకూ నేలకి నాలుగంగుళాల పైన నడిచిన రథం కిందికి దిగింది. 395 ప్రాంతంలో అగస్టీన్ అబద్ధం గురించే ఒక పుస్తకం రాశాడు. తప్పని నమ్ముతూ చెప్పిన మాట, పొరపాటున నిజమైపోయినా అబద్ధమాడినట్టేనని ఆయన లెక్క. ఆ లెక్కన “నువ్వే ఎగరేస్తన్నావు” అన్నప్పుడు నేను అబద్ధమాడాను. “అది పని చెయ్యదు” అన్నప్పుడు అబద్ధమాడలేదు, పొరబడ్డానంతే. బావుంది గానీ, నాకీ లెక్క సరిపోవట్లేదు. వాడికి దెబ్బ తగిలింది రెండోదాంతో. మొదటిదానికి మురిసిపోయాడు. నా తప్పు అబద్ధంలో లేదు. ఆరేళ్లవాడు తన బొటనవేలికి తెలిసిన సంగతి చెప్తుంటే, ఒక్కసారైనా వాడు చెప్పినట్టు చేసి చూడకపోవడంలో ఉంది. ఎడమవైపు నొక్కరా, చూద్దాం, అంటే సరిపోయేది.

జ్ఞాపకాలన్నీ కాస్తోకూస్తో తప్పుగానే ఉంటాయని, పాత ఆటల మీద బెంగంతా ఒట్టి భ్రమేనని తేల్చేసేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ తప్పులన్నీ ఒక్క బరువు కావు. పాట నడక తప్పితే ఆ తప్పుని నేనే మోస్తాను, హాయిగా. బాతు విషయంలో తప్పు ఇంకొకడి మీద ఉండిపోయింది. ఆ వేసవిని తీపి గుర్తని ఎన్నిసార్లు చెప్పుకున్నానో! అన్నిసార్లూ ఆ గదిలో వాడు లేడు. తీసేసింది నేనే.

తుపాకీ పట్టుకుని మళ్లీ ఆడి చూపిద్దామంటే కుదరదు. ఆ తుపాకీలో ఉన్నది వెలుతురుని పసిగట్టే కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి బాతు ఉన్నచోట తెల్ల చదరం వెలుగుతుంది, దాన్ని పట్టుకుంటుంది. ఇప్పటి పల్చటి టీవీలతో అది పని చెయ్యదు. మా పాత టీవీ ఎప్పుడో తూకానికి వెళ్లిపోయింది.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చిన్నోడు కూడా వచ్చాడు. భోజనాలయ్యాక డాబా మీద చెప్పాను, మాన్యువల్ సంగతి, వైరు సంగతి అన్నీ. క్షమించరా అనే మాట దగ్గర కొంచెం తడబడ్డాను. వాడు ఆశ్చర్యపోతాడనుకున్నాను.

“నాకు తెల్సు కదా” అన్నాడు. “నొక్కితే తిరిగీది. మీరే నమ్మలేదు.”

ఏమనాలో తెలీలేదు. ఫోన్ తీసి డక్ హంట్ వీడియో పెట్టి వాడి చేతికిచ్చాను. మొదలయ్యే పాట వచ్చింది. వాడు రెండు క్షణాలు విని, చెవి దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించాడు.

“ఇదేటి, ఇంత జోరుగా ఎల్తంది?”