దయయా? భయమా?

స్థూలకాయులగు కాన్సరు రోగులకు మందు తగ్గించి యిచ్చుట దయయని పలువురు వైద్యులు చిరకాలము తలచిరి. ఈ మందు విషప్రాయము. వ్యాధికణములతోపాటు మంచికణములను గూడ చంపును. కావున దీని మోతాదును తరచుగా శరీరోపరితల వైశాల్యమునుబట్టి కట్టుదురు. సెంటీమీటర్ల యెత్తును కిలోగ్రాముల బరువుచే గుణించి, 3600చే భాగించి, వర్గమూలము తీసినచో ఆ వైశాల్యము చదరపు మీటర్లలో వచ్చును. 1987లో మోస్టెలర్ చూపిన సులభమార్గమిది. 165 సెంటీమీటర్ల యెత్తు, 110 కిలోల బరువుగల స్త్రీకి సుమారు 2.25 వచ్చును. ఆమె యంత మందునకు తాళలేదని జంకి వైద్యుడు 2 వద్దనే లెక్క నిలిపినచో, నూటికి 11 పాళ్లు మందు తరిగిపోవును.

ఆ జంకునకు ఆధారము కానరాలేదు. ఉన్న బరువునుబట్టియే పూర్తి మోతాదీయవలెననియు, అందువలన స్థూలకాయులకు విషబాధ అధికమగునన్న సాక్ష్యము లేదనియు అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2012లో తెలిపినది. 2021లో మరల ఆ మాటయే చెప్పినది. (వింక్రిస్టీనునకు 2 మిల్లీగ్రాముల హద్దు వాడుకలో గలదు, అది నరములకు గలుగు హానికి వెరచి పెట్టినది.)

అయినను చేయి వెనుదీయుటకు కారణమేమి? మందెక్కువై తెల్లకణములు పడిపోయినచో రెండు వారములలోనే ఆ తప్పు వైద్యుని కన్నులయెదుట నిలుచును. మందు తక్కువై కొన్ని యేండ్లకు వ్యాధి తిరుగబెట్టినచో దానిని విధి యందురు. కనబడు నిందనుండి తన్ను గాపాడుకొనుచు, రోగిని గాపాడుచున్నానని యాతడు నిజముగనే నమ్మును. కపటమైనచో పట్టుకొనుట సులభము. మందబుద్ధియని తోచిన బాలునకు తేలిక లెక్కలే యిచ్చు ఉపాధ్యాయులమగు మేమును ఇట్లే నమ్ముదుము.

వాంతులు, నీరసము, జ్వరము భరింపవలసినది ఆమె. నయమగుటకై వానిని భరించెదనో లేదో చెప్పవలసినదియు ఆమెయే. ఆమె నడుగకయే లెక్కను 2 వద్ద నిలుపుట ఏ ధర్మము?